మందసౌర్‌కి లైసెన్సు, మందసకి కేసు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వ్యాసంలో గంజాయి అన్న మాట చాలాసార్లు వస్తుంది. చూసి కంగారుపడి స్క్రోల్ చేసేయకండి. లైక్ కొడితే ఎవరైనా ఇంటికొచ్చి అడుగుతారేమో అనీ భయపడకండి. ఆ మాట పైకి అనడానికి మనం భయపడుతున్నంతకాలం దాని గురించి మాట్లాడే హక్కు రెండు రకాల మనుషులకే ఉంటోంది. ఒకరు పోలీసులు. రెండోవాళ్లు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఏసీ హాల్లో కూర్చుని "మెడికల్ కన్నాబిస్ భవిష్యత్తు" అని మీటింగులు పెట్టుకునే కంపెనీలవాళ్లు. మధ్యలో నొప్పితో మంచం మీద పడున్న మనిషీ లేడు, జైల్లో పడున్న మన కుర్రోడూ లేడు. ఈ వ్యాసం ఆ ఇద్దరి గురించే.

ఒకే మొక్కకి ఈ దేశంలో రెండు పేర్లున్నాయి. కొండ మీద కనిపిస్తే గంజాయి. ఊళ్లో సీసాలో కనిపిస్తే విజయ. ఆయుర్వేదంలో దీని సంస్కృతం పేరు అదే. ఫోన్లో ఆర్డర్ పెట్టి, ఆయుర్వేద డాక్టరుతో వీడియో కాల్ మాట్లాడి, ప్రిస్క్రిప్షన్ తీసుకుంటే ఈ ఆకు నుంచి తీసిన నూనె సీసా కొరియర్లో ఇంటికే వస్తుంది. నిద్ర పట్టడానికి, ఒంటి నొప్పులకి అని రాసుంటుంది. అది చట్టబద్ధమే. ఎలాగంటే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అంటే పూత, కాయ వచ్చే కొసలు అని చెప్పింది. కొసలు కలవని ఉత్తి ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆ సందులోంచే ఒక వ్యాపారం నడుస్తోంది. నడవనీయండి, నాకు అభ్యంతరం లేదు. నొప్పి ఉన్నోడికి మందు దొరకడం తప్పు కాదు. నేను అడిగేదేటంటే, ఆ సందు మన రోగికి ఎందుకు కనబడదు? సీసా వేల రూపాయలు. మన ఊళ్లలో నెల పింఛను మొత్తం పెట్టినా దొరకని ధర.

అదే చట్టంలో మనకి దొరికే పేజీ వేరు. 20వ సెక్షన్. గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు. కిలో దాటి 20 కిలోల లోపు అయితే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటిందా, పదేళ్లకి తగ్గకుండా ఇరవయ్యేళ్ల వరకు, లక్షకి తగ్గకుండా జరిమానా. అంత పెద్ద మొత్తం కేసుల్లో 37వ సెక్షన్ బెయిలు తలుపు మూసేస్తుంది. నేరం చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. మామూలు కేసుల్లో 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీటు వెయ్యాలి. ఇక్కడ 180 రోజులు. అంటే ఆరు నెలలు.

ఇప్పుడు మన దారి చూడండి. మందస వెనక కొండ దాటితే ఒడిశా, గజపతి జిల్లా. ఇటు దిగితే జాతీయ రహదారి 16, పలాస రైల్వేస్టేషన్. పలాస స్టేషన్లో బ్యాగులో గంజాయి దొరికిందన్న వార్త పేపర్లో చూడని నెల ఉందా? ఆ ఫొటో కూడా మీకు బాగా గుర్తుంటాది. ముఖానికి గుడ్డ కట్టిన ఇద్దరు ముగ్గురు కుర్రోళ్లు, ముందర టేబుల్ మీద ప్యాకెట్లు, వెనక ఆఫీసర్లు. ఆ ఫొటోలో మోసినోడు ఉంటాడు. మోయించినోడు ఉండడు. పెట్టుబడి పెట్టినోడు, అవతల ఊళ్లో దించుకున్నోడు, వాళ్ల ముఖానికి గుడ్డ కట్టాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే వాళ్లని ఎవరూ నిలబెట్టరు. బ్యాగు బరువు 21 కిలోలైతే మోసినోడికి 20 కిలోల పైనున్న సెక్షనే. వాడికి ముట్టింది ఎంత అని చట్టం అడగదు, ఎన్ని కిలోలు అని అడుగుతుంది.

మోసినోడు తప్పు చెయ్యలేదని అంటున్నానా? లేదు. ఎవరికో డబ్బులొస్తాయని మన చెల్లెళ్ల, తమ్ముళ్ల కాలేజీల దగ్గరకి ఆ సరుకు చేరుస్తుంటే దాన్ని ఉద్యమం పేరుతో కడిగెయ్యను. ఇంకో సంగతి కూడా ఉంది. కొందరు మద్దతుదారులు, మంచి మనసుతోనే, గంజాయి ఆదివాసీల సంప్రదాయం అని రాస్తుంటారు. దయచేసి అలా రాయకండి. మన సంప్రదాయం కొండచీపుర్లు, కందులు, సామలు, చింతపండు. విశాఖ మన్యంలో ఎకరాలకి ఎకరాలు శీలావతి వేయించింది బయట నుంచి వచ్చిన వ్యాపారుల పెట్టుబడి. విత్తనం వాళ్లదే, అడ్వాన్సు వాళ్లదే, లాభం వాళ్లదే. భూమి, కేసు మాత్రం ఆదివాసీవి. 2021లో ఆపరేషన్ పరివర్తన అని తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి ఒకేచోట తగలబెట్టారు. ఆ మంట చూసి నేను ఏడవలేదు. పరివర్తన అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాను. పంట పోయినోడికి బదులు పంట, దానికి ధర, కొనేవాడు దొరికితేనే అది పరివర్తన అవుతుంది. లేకపోతే అది నరకడం, అంతే.

సరే, కేసుల గోల అలా ఉంచండి. మందు సంగతికి వద్దాం.

ఉద్దానం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఒక్క కారణం తేల్చలేదు. నీళ్లు అన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. డయాలసిస్ మీదున్నోళ్లకి నెలకి 10,000 పింఛను వస్తోంది. ఇవన్నీ జనం ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి. వీటిని నేను తక్కువ చెయ్యను.

కానీ ఒక్కసారి డయాలసిస్ గదిలో కూర్చుని చూడండి. అక్కడ మిషను రక్తం కడుగుతుంది. నొప్పి కడగదు. ఎముకల్లో పోటు, కాళ్లలో తిమ్మిరి, రాత్రంతా కాళ్లు కదుపుతూనే ఉండాలనిపించే బాధ, చర్మం ఊడేలా గోక్కునే దురద, అన్నం వాసనకే వాంతి. కిడ్నీ పాడైన మనిషికి ఇవన్నీ జబ్బులో భాగమే. వీటిని ఎవరైనా అడిగి రాసుకుంటున్నారా? క్రియాటినిన్ రాస్తారు, బీపీ రాస్తారు, బరువు రాస్తారు. నొప్పి ఎంత అన్న గడి ఆ కాగితంలో ఉందో లేదో ఈసారి వెళ్లినప్పుడు మీరే చూడండి.

మా మావయ్యకి డయాలసిస్ మొదలైన రెండో ఏడు నడుం నొప్పి పట్టుకుంది. ఒక ఆసుపత్రిలో చెప్తే, "ఈ జబ్బుకి నొప్పి ఉంటాది, ఓర్చుకోవాలి" అన్నారు. ఓర్చుకోలేక ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరకి పోయాడు. ఆయన వేసింది డిక్లోఫెనాక్. పాడైన కిడ్నీ ఉన్నోడికి అది వెయ్యకూడదని మావయ్యకీ తెలీదు, వేసినాయనకీ తెలీదో, తెలిసీ వేశాడో. ఆ రాత్రి మాత్రం మావయ్య పడుకున్నాడు. "చచ్చినా పర్లేదురా, నిద్ర పట్టింది" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. నొప్పి అంత పని చేస్తుంది. మనిషి చేత తన ప్రాణం మీద బేరం ఆడిస్తుంది.

జీడితోటల్లో, జీడి ఫ్యాక్టరీల్లో రోజంతా వంగి కూర్చునే మన ఆడవాళ్లు సంతలో కొనే నొప్పి బిళ్లలు కూడా ఇదే కుటుంబం. డిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్. పేర్లు రాసుకోండి. కిడ్నీ జబ్బు తిరుగుతున్న నేల మీద ఈ బిళ్లలు పప్పుబెల్లాల్లా దొరుకుతాయి. కిడ్నీకి తక్కువ హాని చేసే నొప్పి మందులు మాత్రం తాళం వేసిన బీరువాలో కూడా ఉండవు. ఎందుకుండవో చెప్తాను.

ఇప్పుడు పేరు చూడండి, నవ్వొస్తుంది. మధ్యప్రదేశ్‌లో మందసౌర్ అని ఒక జిల్లా ఉంది. మన మందసకి దూరపు చుట్టంలాంటి పేరు. అక్కడ రైతులు నల్లమందు మొక్క వేస్తారు, గసగసాల మొక్క అదే. కేంద్ర ప్రభుత్వ నార్కోటిక్స్ బ్యూరో ఏటా లైసెన్సు ఇస్తుంది, చేను కొలుస్తుంది, పాలు తూకం వేసి కొనుక్కుంటుంది. ఆ నల్లమందు నీమచ్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీకి పోతుంది. దానిలోంచే మార్ఫిన్ వస్తుంది. ప్రపంచంలో నల్లమందు జిగురుని చట్టబద్ధంగా తీసి విదేశాలకి అమ్మే దేశం మనది. గంజాయి కంటే ఎన్నో రెట్లు ప్రమాదమైన మత్తు అది. అయినా లైసెన్సుంది, కొలత ఉంది, కొనుగోలుంది. పంట కాపలా కాయడం ప్రభుత్వానికి చేతకాదని ఎవరంటారు? చేతనవును. చెయ్యాలనుకున్న చోట చేస్తున్నారు.

అంత నల్లమందు పండించే దేశంలో మన రోగికి దక్కేది ఎంత? 2017లో లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ లెక్క కట్టింది. నొప్పి తగ్గించడానికి మన దేశానికి కావలసిన మార్ఫిన్ వంటి మందుల్లో రోగులకి అందేది సుమారు 4 శాతం. వందమందికి నలుగురు అనుకోండి. ఆ నలుగురూ పట్నాల్లోనే ఉంటారని మీకూ నాకూ తెలుసు.

ఇది చట్టం తప్పేనా? కొంత కాలం చట్టం తప్పే. 1985 చట్టం వచ్చాక మార్ఫిన్ కొని పెట్టుకోవాలంటే ఒక ఆసుపత్రికి నాలుగైదు రకాల లైసెన్సులు కావాల్సొచ్చేది. ఒకటి వచ్చేలోపు ఇంకోటి గడువైపోయేది. కాగితం తప్పితే పదేళ్ల జైలు. దాంతో డాక్టర్లు అసలు ఆ మందు జోలికే పోవడం మానేశారు. 2014లో పార్లమెంటు చట్టాన్ని మార్చింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటివాటిని అత్యవసర నార్కోటిక్ మందులు అని గుర్తించి, దేశమంతా ఒకే పద్ధతి పెట్టింది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అధికారి ఒక ఆసుపత్రిని గుర్తింపు సంస్థగా ఒప్పుకుంటే చాలు. శిక్షణ ఉన్న డాక్టరు ఒకరుండాలి, బీరువా ఉండాలి, రిజిస్టరు ఉండాలి. అంతే. మార్ఫిన్ బిళ్ల ఖరీదు కొన్ని రూపాయలు.

అంటే 2014 నుంచి అడ్డు చట్టం కాదు. అలవాటైన నిర్లక్ష్యం. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం పెట్టుకుంది. అక్కడ పంచాయతీ నర్సు రోగి ఇంటికే వస్తుంది, పుండు కడుగుతుంది, మార్ఫిన్ ఇస్తుంది. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు దశాబ్దాలు పోరాడితే వచ్చిందది. పక్కనున్న తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, ఇళ్లకి తిరిగే బండ్లు పెట్టారు. మరి మనకి? క్యాన్సర్ వచ్చిన మన కొండమనిషి నొప్పి మందుకోసం విశాఖ పోవాలి. ఇక్కడ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. కొండ మీద నుంచి రోడ్డు దాకా డోలీ, రోడ్డు నుంచి ఆటో, ఆటో నుంచి రైలు. నొప్పి ఉన్న ఎముకతో ఆ ప్రయాణం చెయ్యమనడం ఎలాంటిదో రాయడానికి నాకు మాట దొరకట్లేదు.

ఒక జాగ్రత్త. మార్ఫిన్ కూడా కిడ్నీ రోగికి ఇష్టమొచ్చినట్టు ఇవ్వకూడదు. అది విరిగాక మిగిలేది పాడైన కిడ్నీ నుంచి బయటికి పోదు, ఒంట్లో పేరుకుని మగత, ఊపిరి ఇబ్బంది తెస్తుంది. వాళ్లకి ఫెంటానిల్, మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటివి తెలిసిన చేతిలో మేలు. దురదకి, నరాల పోటుకి తక్కువ డోసులో గాబాపెంటిన్ లాంటి మామూలు మందులున్నాయి. అందుకే నేను అడిగేది ఒక బిళ్ల కాదు, నొప్పి తెలిసిన డాక్టరు.

మరి గంజాయి మందా, కాదా? సూటిగా చెప్పుకుందాం. సోషల్ మీడియాలో రెండు పక్కలా అబద్ధాలున్నాయి.

మందే. కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1839లో కలకత్తాలో ఓషాగ్నెస్సీ అనే ఐరిష్ డాక్టరు మనవాళ్ల దగ్గర నేర్చుకుని కీళ్లనొప్పులకి, ధనుర్వాతానికి వాడి చూసి రాశాడు. ఆ తర్వాతే అది యూరప్ మందుల షాపుల్లోకి పోయింది. ఇప్పుడైతే పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకి ఈ మొక్కలోని సీబీడీ అనే పదార్థంతో చేసిన మందుని 2018లో అమెరికా మందుల సంస్థ ఒప్పుకుంది. అది మత్తు ఎక్కించే పదార్థం కాదు. కీమో తర్వాత ఆగని వాంతులకి, నరాల జబ్బుల్లో కండరాలు బిగుసుకుపోవడానికి ఈ మొక్క పదార్థాలతో చేసిన మందులు చాలా దేశాల్లో వాడుతున్నారు. దీర్ఘకాలపు నరాల నొప్పికి కొందరిలో కొంత పనిచేస్తుంది. కొందరిలో, కొంత. ఈ రెండు మాటలూ మర్చిపోకండి.

క్యాన్సర్ని నయం చేస్తుందా? లేదు. అలా రాసే వాట్సాప్ మెసేజ్ ఎవరు పంపినా ఫార్వర్డ్ చెయ్యకండి. సికిల్ సెల్ నొప్పికి? ఇది మనకి ముఖ్యం, ఎందుకంటే సికిల్ సెల్ ఆదివాసీల ఇళ్లలో తిరిగే జబ్బు. ఆ నొప్పి వచ్చినప్పుడు పిల్లలు మెలికలు తిరిగిపోతారు. 2020లో కాలిఫోర్నియా పరిశోధకులు 23 మంది సికిల్ సెల్ రోగులకి గంజాయి ఆవిరి పీల్పించి చూసిన అధ్యయనం వచ్చింది. నొప్పి కచ్చితంగా తగ్గిందని చెప్పేంత తేడా రాలేదు, మనసు కొంచెం తేలికపడింది. 23 మంది అంటే చాలా చిన్న లెక్క. దాంతో పనికొస్తుందనీ, పనికిరాదనీ తేల్చలేం. ప్రపంచమంతా కలిపి ఆదివాసీ పిల్లల నొప్పి మీద జరిగిన పని ఎంత తక్కువో మాత్రం తెలుస్తుంది. 2023 జూలైలో ప్రధానమంత్రి షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నారు. పరీక్ష చెయ్యండి, మంచిదే. కార్డు రంగు చెప్పి ఇంటికి పంపితే రాత్రి నొప్పి వచ్చినప్పుడు ఆ కార్డుని ఏం చేసుకోవాలి?

కాబట్టి ఇంట్లో రోగి ఉంటే ఎక్కడో దొరికిన గంజాయి తెచ్చి చుట్టి ఇవ్వకండి. పొగ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. ఆ సరుకులో ఎంత మోతాదుందో అమ్మినోడికీ తెలీదు. చిన్న వయసులో రోజూ తాగితే కొందరికి మతి చెదురుతుంది. ఇంట్లో అలాంటి పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. రోగి పక్కన కిలో లోపు దొరికినా అది కేసే, రోగం సాకు చెప్తే పోలీసు వినడు. మందు అంటే మోతాదు తెలిసింది, శుభ్రత తెలిసింది, రాసిచ్చినవాడు బాధ్యత తీసుకునేది. మనం అడుగుతున్నది అది.

అడగడానికి దారి కూడా చట్టంలోనే ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం 8వ సెక్షన్ వైద్యానికి, శాస్త్రానికి మినహాయింపు ఇచ్చింది. 10వ సెక్షన్ ప్రకారం గంజాయి సాగుని అనుమతించి అదుపు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 2020 డిసెంబరు 2న వియన్నాలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో ఓటింగ్ జరిగింది. గంజాయిని అతి ప్రమాదకర మందుల జాబితా నుంచి తీసెయ్యాలా వద్దా అని. 27 దేశాలు అవునన్నాయి, 25 కాదన్నాయి. ఆ 27లో భారతదేశం ఉంది. అక్కడ దీనికి వైద్య విలువ ఉందని చెయ్యెత్తిన ప్రభుత్వం, ఇక్కడ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడదు. ఉత్తరాఖండ్ 2018లోనే మత్తు తక్కువున్న రకం సాగుకి లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ అసెంబ్లీ 2024లో తీర్మానం చేసి వ్యవసాయ యూనివర్సిటీలతో ప్రయోగానికి దిగింది. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ దీని మీద పనిచేస్తోంది.

అంటే తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది. ఇవాళ కాకపోతే పదేళ్లకి ఆంధ్రలోనూ తెరుచుకుంటుంది. నా భయం తెరుచుకోదని కాదు. తెరుచుకున్న రోజు ఎవరు లోపలికి పోతారని. లైసెన్సుకి కంచె కావాలి, కెమెరా కావాలి, ల్యాబు కావాలి, డిపాజిట్టు కావాలి అంటారు. కొండ మీద ఎకరంన్నర పట్టా ఉన్నోడి దగ్గర అవి ఉంటాయా? కంపెనీ వస్తుంది. లీజు అంటుంది. నిన్నటిదాకా ఈ మొక్కకోసం జైల్లో ఉన్నోడు రేపు అదే మొక్క తోటలో రోజుకూలీ. వాడి మీద పాత కేసుందని ఆ కూలిపని కూడా ఇవ్వరేమో.

మందస వాళ్లకి ఈ భయం ఇంకా ఎక్కువుండాలి. మీలో చాలామందికి తెలుసు, కొత్తవాళ్లకోసం చెప్తున్నాను. మన కొండ గ్రామాలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. ఉపప్రణాళిక గ్రామాలు, అంతే. 1/70 చట్టం ఇక్కడ మన భూమిని కాపాడదు. పీసా ఇక్కడ లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది. శ్రీకాకుళం జిల్లాలో మిగిలిపోయిన సవర, జాతాపు ఊళ్లకి సొంత ఐటీడీఏ లేదు. షెడ్యూలు లేని నేల మీదకి లీజు కాగితం వస్తే ఆపడానికి మన చేతిలో ఉన్న కాగితం ఏటి? ఈ ప్రశ్న గంజాయిది మాత్రమే కాదు, జీడితోటదీ, గ్రానైట్‌దీ. ఇదే మందసలో 1940లో జమీందారు అడవిలో కట్టె కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకుపోతుంటే అడ్డం నిలబడి, నిండు గర్భిణి గున్నమ్మ తుపాకీ గుండుకి పడిపోయింది. అడవి ఎవరిదన్నది ఇక్కడ కొత్త తగువు కాదు.

మనలోనే కొందరు పెద్దలు అంటున్నారు, "ఇది మన అజెండా కాదమ్మా, పోడు పట్టాలు, రోడ్లు, డోలీలు, అవి చాలు. ఈ మాట ఎత్తితే ఉద్యమానికి గంజాయి బ్యాచ్ అని ముద్రేస్తారు." పెద్దల మీద గౌరవంతోనే చెప్తున్నాను. ముద్ర ఎప్పుడో పడింది. పట్నం హాస్టల్లో గది అడిగితే ఏ ఊరు అని అడిగి, మన్యం అనగానే అర్థంగా చూసే చూపు మాకు తెలుసు. బస్సు చెకింగ్‌లో ముందు ఎవరి సంచి విప్పుతారో మాకు తెలుసు. మాట్లాడకుండా ఉంటే ఆ ముద్ర పోదు. ఇంకొందరు అంటున్నారు, మందు పేరు చెప్తే కుర్రోళ్లు పాడైపోతారు అని. ఇప్పుడు మందు కాదు కదా, మరి ఇప్పుడు పాడవ్వడం లేదా? అలవాటైనోడు తనంతట తాను గుర్తింపు ఆసుపత్రిలో వైద్యానికి పోతే చిన్న మొత్తం కేసులో శిక్ష నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ అదే చట్టంలో ఉంది. ఆ సెక్షన్ గురించి ఏ అవగాహన సదస్సులో అయినా మీకు చెప్పారా? సదస్సులో పుర్రె బొమ్మ చూపిస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో తీస్తారు.

ఇక నా అభిప్రాయం. వరస తప్పకూడదు. మొదట నొప్పి మందు, ఇవాళే, ఉన్న చట్టంతోనే. పలాస ఆసుపత్రి, హరిపురం, సోంపేట ఆసుపత్రులు మార్ఫిన్ గుర్తింపు సంస్థలు కావాలి. ఒక్కో చోట ఒక డాక్టరుకి, ఇద్దరు నర్సులకి పాలియేటివ్ శిక్షణ ఇవ్వాలి. ఆశా కార్యకర్త సంచిలో నొప్పి కొలిచే కాగితం ఉండాలి, అది తెలుగులో, సవరలో ఉండాలి. రెండోది, మోసినోడినీ మోయించినోడినీ ఒకే తక్కెడలో పెట్టడం ఆపాలి. రిమాండులో నెలల తరబడి ఉన్న మన పిల్లలకి లీగల్ సర్వీసెస్ నుంచి మంచి వకీలు కావాలి, సంతకం పెట్టి మాయమయ్యే వకీలు కాదు. ఆ తర్వాతే గంజాయి మందు పరిశోధన. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ఉంది కాబట్టి అడుగుతున్నాను. డయాలసిస్ రోగుల నొప్పి, దురద, ఆకలి మీద ఒక పద్ధతైన పరీక్ష చెయ్యండి, రోగి ఇష్టంతో, ఎథిక్స్ కమిటీ అనుమతితో. పనికిరాదని తేలితే అదీ చెప్పండి, మేం ఒప్పుకుంటాం. సాగు సంగతి అన్నిటికంటే ఆఖరున. అదీ జీసీసీ ద్వారా, ఆదివాసీ సంఘాలకే, మన ఊళ్లని షెడ్యూలులో చేర్చాకే. అప్పటిదాకా ఏ కంపెనీ ఏ మొక్క పట్టుకొచ్చినా లీజు మీద వేలిముద్ర పెట్టొద్దు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది ఒకటుంది, పెద్ద పనేం కాదు. ఆర్టీఐ. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, మండలానికైతే ఐదు, గ్రామ స్థాయిలో ఉచితం. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఎక్కడా ఫీజే లేదు. డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకి రాయండి: శ్రీకాకుళం జిల్లాలో మార్ఫిన్ గుర్తింపు ఉన్న సంస్థలు ఎన్ని, ఏవి, గత మూడేళ్లలో ఒక్కోటి ఎన్ని మిల్లీగ్రాములు వాడింది. జిల్లా వైద్యాధికారికి రాయండి: పాలియేటివ్ శిక్షణ పొందిన డాక్టర్లు ఎంతమంది, ఏ ఆసుపత్రిలో. జైళ్ల శాఖకి రాయండి: ఎన్‌డీపీఎస్ కేసుల్లో విచారణ ఖైదీలుగా ఉన్న షెడ్యూల్డ్ తెగలవాళ్లు ఎంతమంది, అందులో 180 రోజులు దాటినవాళ్లు ఎంతమంది. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు. జవాబు వచ్చినా రాకపోయినా ఆ కాగితం ఫొటో తీసి ఈ పేజీకి పంపండి, పేరు, అడ్రసు కనబడకుండా కప్పేసి. వచ్చినవన్నీ కలిపి ఒక సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరు టేబుల్ మీద పెడదాం. ఎవరికైనా దరఖాస్తు నమూనా కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తాను.